జొన్న రొట్టె నేర్చుకుందాం: గిర్ని నుంచి పెనం దాకా

జొన్న రొట్టె రావడం లేదని చెప్పేవాళ్లు దాదాపు అందరూ తమ చేతినే నిందించుకుంటారు. అమ్మకో అత్తమ్మకో ఉన్న వాటం తమకు లేదనుకుంటారు. రొట్టె విరిగేది తట్టేటప్పుడే కాబట్టి తప్పు చేతిదే అనిపించడం సహజం. కానీ చాలాసార్లు ఆ విరగడం అంతకు పది నిమిషాల ముందు, ఎసరు దగ్గరే ఖాయమైపోయి ఉంటుంది. ఇంకొన్నిసార్లు నెల ముందు, పిండి పట్టించిన రోజునే.

అందుకే తట్టడం కంటే ముందు పిండి గురించీ నీళ్ల గురించీ కాస్త ఎక్కువ చెబుతాను. ఆ రెండూ కుదిరితే చేయి తిరగడానికి కొన్ని వారాలు చాలు. కుదరకపోతే ఎంత అలవాటున్న మనిషికైనా అంచులు పగలకుండా రొట్టె చేయడం కష్టమే.

తెలంగాణలో, రాయలసీమలో, పక్కనున్న ఉత్తర కర్ణాటక, మహారాష్ట్రల్లో ఇది తరతరాల రోజువారీ తిండి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక పేదల ఇళ్లలోకి కూడా వరి అన్నం వచ్చింది. అది ఆకలి తీర్చిన పథకం, దాన్ని తక్కువ చేయలేం. అయితే ఆ తర్వాత పెరిగిన చాలామందికి ఇంట్లో రొట్టె చప్పుడు వినే అవకాశం తగ్గిపోయింది. ఇప్పుడు హైదరాబాదులో సాయంత్రమైతే రోడ్డు పక్కన పొయ్యి పెట్టి రొట్టెలు చేసే ఆడవాళ్ల దగ్గర జనం నిలబడి కొనుక్కుంటున్నారు. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక షాపుల్లో జొన్నపిండి ప్యాకెట్లూ పెరిగాయి. తినాలన్న కోరిక తిరిగొచ్చింది. చేసే చేతులు మాత్రం ఇంకా తక్కువగానే ఉన్నాయి.

గింజ చూసి కొనడం, పిండి పట్టించడం

రొట్టెకు తెల్ల జొన్న మంచిది. అందులోనూ యాసంగిలో, అంటే రబీలో, నల్లరేగడి నేలల్లో పండినది. సోలాపూర్ వైపు నుంచి వచ్చిన మాల్దండి రకానికి రొట్టె విషయంలో ఇప్పటికీ మంచి పేరుంది. గింజ ముత్యంలా మెరుస్తూ, లావుగా ఉంటుంది, పిండి తెల్లగా, తియ్యగా వస్తుంది. వానాకాలం పంటకు కంకి మీద ఉండగా వాన తగిలితే గింజకు బూజు పట్టి నల్ల మచ్చలు వస్తాయి. అలాంటి జొన్నల పిండితో రొట్టె రంగూ చెడుతుంది, రుచీ చెడుతుంది. పచ్చ జొన్నలు, అంటే పసుపు ఛాయలో ఉండేవి, దొరికితే తప్పకుండా ప్రయత్నించండి. రొట్టె కాస్త గరుకుగా ఉంటుంది కానీ ఆ కమ్మదనం తెల్లజొన్నకు లేదు. జొన్న రవ్వతో వండే గట్కకైతే పచ్చ జొన్నే బాగుంటుందని నా అభిప్రాయం. ఆర్మూరు ప్రాంతంలో పండే ఎర్రజొన్న ఎక్కువగా ఉత్తరాదికి పశుగ్రాసం విత్తనంగా వెళ్తుంది, రొట్టెకు దాన్ని ఎంచుకోవద్దు.

కొనేటప్పుడు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని వాసన చూడండి. ముక్క వాసన వస్తే వద్దు. రెండు గింజలు కొరికి చూడండి. టక్కున విరిగితే బాగా ఎండినట్టు. చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తే పురుగు పట్టినట్టు. యాసంగి జొన్న మార్కెట్‌కు వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో కొని, రెండు రోజులు ఎండలో పోసి, చల్లారాక గాలి చొరని డబ్బాలో ఎండిన వేపాకు వేసి పెడితే నెలల తరబడి నిలవ ఉంటాయి.

పిండి మాత్రం నిలవ ఉండదు. జొన్న గింజలోని మొలక భాగంలో నూనె ఉంటుంది. గింజగా ఉన్నంతకాలం అది పదిలంగానే ఉంటుంది. పిండి పట్టగానే గాలి తగిలి మెల్లగా పాడవుతుంది, చేదెక్కుతుంది. "పాత పిండికి జిగురుండదు" అని పెద్దవాళ్లు అనేది ఊరికే కాదు, నెల దాటిన పిండితో తడితే అంచులు పగులుతాయి, ఎంత పిసికినా ముద్ద కలిసిరాదు. కాబట్టి ఒకసారికి రెండు కిలోలకు మించి పట్టించకండి. పదిహేను రోజుల్లో వాడేసేలా చూసుకోండి. ఫ్రిజ్‌లో పెడితే ఇంకొంత కాలం ఆగుతుంది.

గిర్ని, అంటే పిండిమర, నడిపే అతనితో రెండు మాటలు చెప్పండి. ఒకటి, మెత్తగా పట్టమని. రవ్వ తగిలే పిండితో రొట్టె రాదు. రెండోది, గోధుమలు పట్టిన వెంటనే కాకుండా జొన్నలు గానీ బియ్యం గానీ పట్టిన తర్వాత మీవి వేయమని. ఇంట్లో ఎవరికైనా గోధుమల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని సీలియాక్ జబ్బు ఉంటే ఈ జాగ్రత్త కూడా చాలదు. బయటి గిర్నిలో గోధుమపిండి ఎక్కడో ఒకచోట కలుస్తుంది, వాళ్లకోసం ఇంట్లో చిన్న పిండిమర ఉండటమే మేలు. గిర్ని నుంచి వచ్చిన పిండి వేడిగా ఉంటుంది. వెంటనే మూత పెడితే చెమ్మ పడుతుంది. బట్ట మీద పరిచి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోయండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండేవాళ్లకు ప్యాకెట్ పిండే గతి. అక్కడి ఇండియన్ షాపుల్లో జవార్ ఆటా పేరుతో దొరుకుతుంది. తయారైన తేదీ చూసి కొత్తది ఎంచుకోండి, ఇంటికి తెచ్చాక చిటికెడు నాలుక మీద వేసుకోండి. చేదు తగిలితే ఆ పిండితో రొట్టెల ప్రయత్నం వద్దు. మిగతాది ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

సామాన్లు

పెద్దగా ఏమీ అక్కర్లేదు. మందపాటి గిన్నె, పిసకడానికి అంచున్న వెడల్పాటి పళ్లెం, తట్టడానికి చెక్క పీట, బరువైన ఇనప పెనం, అట్లకాడ, నీళ్లు రాయడానికి చిన్న నూలు బట్ట. నాన్‌స్టిక్ పెనం వద్దు. ఈ రొట్టెకు పెనం బాగా కాలాలి, నాన్‌స్టిక్ పూతకు అంత వేడి మంచిది కాదు. పీట లేకపోతే వంటగది గట్టు మీదైనా తట్టుకోవచ్చు, శుభ్రంగా, పొడిగా ఉంటే చాలు.

ఎసరు: అసలు పని ఇక్కడే

గోధుమపిండిలో నీళ్లు పోసి పిసికితే గ్లూటెన్ తయారవుతుంది. అది సాగుతుంది, పట్టుకుంటుంది. అందుకే చపాతీ ముద్ద చన్నీళ్లతో కలిపినా ఒత్తడానికి వస్తుంది. జొన్నలో గ్లూటెన్ లేదు. ఉన్న ప్రోటీన్, కాఫిరిన్ అంటారు, అలా సాగే గుణం ఉన్నది కాదు. మరి జొన్న ముద్దను పట్టి ఉంచేది ఏమిటి? ఉడికిన పిండిపదార్థం. నీళ్లలో వేడి తగిలి సుమారు 70 డిగ్రీలు దాటాక పిండిపదార్థం ఉబ్బి జిగురుగా మారుతుంది. ఆ జిగురే జొన్న రొట్టెకు ఆధారం.

దీన్నిబట్టి ఒక సంగతి స్పష్టం. గోరువెచ్చని నీళ్లు పనికిరావు, వేడి నీళ్లు కూడా సరిపోవు. తెర్లే, అంటే బాగా మరిగే ఎసరు కావాలి. స్టవ్ మీద నుంచి దించి, పిండి డబ్బా వెతికి, మూత తీసి, కొలిచి పోసేలోపు నీళ్ల వేడి తగ్గుతుంది. గది వేడిలో ఉన్న పిండిలో పడగానే ఇంకా తగ్గుతుంది. అప్పుడు పిండి తడుస్తుంది కానీ ఉడకదు. ముద్ద చూడటానికి బాగానే కనిపిస్తుంది, తట్టగానే పగులుతుంది. పిండిని ముందే కొలిచి పక్కన పెట్టుకోండి.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు గిన్నెలోనే పిండి వేసే పద్ధతి చెబుతాను. ఇందులో తప్పు జరిగే అవకాశం తక్కువ.

రెండు కప్పుల జొన్నపిండి తీసుకోండి, సుమారు 250 గ్రాములు అవుతుంది. అందులోంచి పావు కప్పు తీసి తట్టేటప్పుడు చల్లడానికి ఉంచుకోండి. గిన్నెలో కప్పూ ముప్పావు నీళ్లు, అర చెంచా ఉప్పు వేసి ఎసరు పెట్టండి. నీళ్లు అడుగు నుంచి పైదాకా తెర్లుతున్నప్పుడు మంట తగ్గించి, కప్పూ ముప్పావు పిండిని ఒకేసారి మధ్యలో కుప్పగా పోయండి. కలపొద్దు. గరిటె కాడతో కుప్ప మధ్యలో అడుగు దాకా రెండు మూడు చోట్ల గుచ్చండి, ఆ సందుల్లోంచి ఎసరు పైకి పొంగుతుంది. మూత పెట్టి సన్న మంట మీద ఒక నిమిషం ఉంచి స్టవ్ కట్టేయండి. ఇప్పుడు గరిటె కాడతో గట్టిగా కలిపి, మళ్లీ మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. ఆ పది నిమిషాలు ఆగడం దండగ అనుకోవద్దు. లోపలి ఆవిరికి పొడిగా మిగిలిన పిండి కూడా ఉడుకుతుంది.

రెండో పద్ధతి, మా వైపు ఎక్కువమంది చేసేది, పళ్లెంలో పిండికి గుంట చేసి ఎసరు పోయడం. ఒక్కో రొట్టెకో రెండు రొట్టెలకో సరిపడా పిండి మాత్రమే కలుపుకుంటారు, స్టవ్ మీద ఎసరు తెర్లుతూనే ఉంటుంది. వేగం వచ్చాక ఇదే హాయి. కప్పు పిండికి ముప్పావు కప్పు నుంచి కప్పు దాకా నీళ్లు పట్టవచ్చు. కొత్త పిండి కాస్త తక్కువ తాగుతుంది, బాగా ఎండిన పిండి ఎక్కువ. అందుకే ఒకేసారి మొత్తం పోయకుండా, చెంచా కాడతో కలుపుతూ చూసుకుని పోయాలి.

పిసకడం

గిన్నెలోని పిండిని పళ్లెంలోకి తీసి, మొదట తడి బట్టతోనో గిన్నె అడుగుతోనో మెదపండి. చేయి పట్టేంత వేడి తగ్గాక అరచేతి అడుగు భాగంతో, మణికట్టు దగ్గరి ఆ గట్టి భాగంతో, ముద్దను మీ నుంచి దూరంగా పళ్లేనికి రాస్తూ తొయ్యండి. మళ్లీ దగ్గరికి తెచ్చుకోండి. చపాతీ పిండిలా మడతలు వేయనక్కర్లేదు. రాయడమే ముఖ్యం. ఉడికిన పిండి, ఉడకని పిండి కలిసిపోవడానికి అదే దారి. మధ్య మధ్య చేతిని గోరువెచ్చని నీళ్లలో తడుపుకోండి.

ఎంతసేపు? గడియారం కంటే ముద్దే బాగా చెబుతుంది. నిమ్మకాయంత ముద్ద తీసి గుండ్రంగా చేసి బొటనవేలితో నొక్కండి. అంచులు పగిలితే ఇంకా పిసకాలి, లేదా ఇంకో రెండు చెంచాల వేడి నీళ్లు కావాలి. నున్నగా అణిగితే అయినట్టే. చేతికి అంటుకుంటుంటే నీళ్లెక్కువ, దాచిన పిండిలోంచి కొంచెం కలపండి. మొత్తం ఒకేసారి పిసికి పక్కన పెట్టకండి. సగం ముద్దను తడి బట్ట కప్పి ఉంచి, ఒక్కో రొట్టెకు సరిపడా తీసుకుని, తట్టబోయే ముందు మళ్లీ ఒక నిమిషం పిసకండి. చల్లారిన ముద్ద బిరుసెక్కుతుంది.

తట్టడం

పీట మీద పొడి పిండి పలచగా చల్లండి. పెద్ద నారింజకాయంత ముద్దను అరచేతుల మధ్య తిప్పి, పగుళ్లు లేకుండా చేసి, కాస్త చదును చేసి పిండి మీద పెట్టండి. ముద్ద పైన కూడా చిటికెడు పిండి.

కుడిచేతి వేళ్లు దగ్గరగా పెట్టి, వేళ్ల లోపలి వైపుతో మధ్య నుంచి బయటికి తట్టడం మొదలుపెట్టండి. ప్రతి దెబ్బకూ రొట్టెను కొంచెం పక్కకు తోసినట్టు తట్టాలి. కింద పొడి పిండి ఉంది కాబట్టి రొట్టె తనంతట తానే తిరుగుతుంది. చెయ్యి ఒకచోటే ఉంటుంది, తిరిగేది రొట్టె. ఈ సంగతి పట్టుబడితే సగం పని అయినట్టే. చాలామంది రొట్టె కదలకుండా ఉంచి చుట్టూ చెయ్యి తిప్పుతారు, అలా చేస్తే ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా వస్తుంది.

ఎడమ చేతికీ పని ఉంది. దాని చిటికెన వేలి అంచు రొట్టె అంచుకు ఆనించి ఉంచండి. రొట్టె తిరుగుతున్నప్పుడు ఎక్కడ పగులు కనిపిస్తే అక్కడ ఆ చేత్తో లోపలికి నొక్కితే మూసుకుంటుంది. పగులు పెద్దదయ్యాక మూయడం కష్టం, చిన్నగా ఉన్నప్పుడే చూసుకోవాలి. రొట్టె తిరగడం ఆగిందంటే కింద పిండి అయిపోయిందన్నమాట. ఒక అంచు మెల్లగా ఎత్తి ఇంకొంచెం చల్లండి. అంటుకున్న రొట్టెను బలవంతంగా తిప్పితే చిరుగుతుంది.

మొదట్లో ఐదారు అంగుళాల వెడల్పు చాలు. మందం రెండు మూడు మిల్లీమీటర్లుంటే సరి. పాతకాలపు చేతులు పెనం నిండా పలచగా చేసిన రొట్టెలు చూసి ఆశపడకండి. చిన్నది నున్నగా వచ్చాక పెద్దది అదే వస్తుంది.

అప్పడాల కర్రతో ఒత్తవచ్చా అని అడుగుతుంటారు. ఒత్తవచ్చు. పిండి బాగా ఉడికి ఉంటే వస్తుంది, గుండ్రటి మూతతో కత్తిరించుకోవచ్చు కూడా. ఆఫీసుకు ఆలస్యమయ్యే ఉదయాల్లో అలా చేసుకోవడంలో తప్పేం లేదు. కానీ కర్ర అంచుల్ని చూసుకోదు, పగుళ్లను మూయదు. చేత్తో తట్టిన రొట్టె తిన్నవాళ్లకు ఆ తేడా నోట్లో తెలుస్తుంది. వీలున్న రోజు చెయ్యి వాడండి.

పెనం మీద

పెనం ముందే మధ్యస్థం కంటే ఎక్కువ మంట మీద కాలి ఉండాలి. నీటిచుక్క వేస్తే చుయ్యిమని వెంటనే ఆవిరైపోవాలి. రొట్టె అంచు పీట చివరికి జరిపి, కింద అరచేయి పెట్టి ఎత్తుకుని, పెనం మీద తిరగేసి వేయండి. అంటే పీటకు ఆనిన, పొడి పిండి ఉన్న వైపు పైకి రావాలి. ఆలస్యం చేయకుండా బట్టను నీళ్లలో ముంచి, కొద్దిగా నీళ్లు పిండేసి, పైభాగమంతా అంచుల దాకా తడపండి. ఈ నీళ్లు రెండు పనులు చేస్తాయి. పొడి పిండిని కడిగేస్తాయి, పై పొర ఎండి పగలకుండా ఆపుతాయి. నీళ్లు రాయడం మర్చిపోతే రొట్టె తెల్లగా, పిండి పిండిగా, గట్టిగా అవుతుంది.

తడి ఆరుతూ మెరుపు పోగానే, కానీ పూర్తిగా ఎండకముందే, అట్లకాడతో తిప్పండి. అర నిమిషం పైనే పడుతుంది. రెండో వైపు ఎక్కువసేపు, నిమిషం, నిమిషంన్నర, గోధుమరంగు మచ్చలు వచ్చేదాకా ఉంచండి. ఆ తర్వాత పెనం పక్కకు తీసి, మొదటి వైపు మంటకు తగిలేలా రొట్టెను నేరుగా మంట మీద వేస్తే లోపలి ఆవిరికి రెండు పొరలుగా విడిపోయి పొంగుతుంది. గ్యాస్ మంట కాకుండా ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్లు పెనం మీదే మళ్లీ తిప్పి, పొడి బట్ట ఉండతో అంచుల వెంట మెల్లగా అదమండి. ఒకచోట అదిమితే ఇంకోచోట పొంగుతుంది, అలా చుట్టూ తిప్పుకుంటూ రావాలి.

పొంగకపోతే కంగారు వద్దు. ఒకచోట చిన్న పగులున్నా ఆవిరి పోతుంది, రొట్టె పొంగదు. లోపల ఉడికితే రుచిలో పెద్ద లోటుండదు. కానీ వరుసగా ఏ ఒక్కటీ పొంగడం లేదంటే పెనం వేడి చాలడం లేదనో, రొట్టె మందంగా ఉందనో అనుకోండి.

ఇంకా వచ్చే ఇబ్బందులు కొన్ని. ఎత్తబోతే సగానికి విరిగితే ఎసరు చల్లబడిందని అర్థం, లేదా పిండి పాతది. పెనానికి అంటుకుపోతే పెనం కాలలేదు. అంటుకున్నదాన్ని గీకకండి, ఆ వైపు ఎర్రబడితే అదే వదులుతుంది. చేసిన అరగంటకే అట్టలా గట్టిపడితే నీళ్లు తక్కువ పడ్డాయి, లేదా సన్నమంట మీద ఎక్కువసేపు కాలింది. జొన్న రొట్టెకు పెద్ద మంట, తక్కువ సమయం కావాలి. చేసినవాటిని ఒకదానిమీద ఒకటి పెట్టి నూలు బట్టలో చుట్టి, రొట్టెల బుట్టలో పెడితే మెత్తగా ఉంటాయి. స్టీలు హాట్‌బాక్స్‌లో వేడిగా పెట్టి మూసేస్తే చెమట పట్టి అడుగుది నానిపోతుంది, అందుకే కింద బట్ట వేయడం మరవకండి.

చేయి తిరిగేదాకా

ఈ పనిని వంటగా మాత్రమే చూస్తే, రాత్రి ఎనిమిదింటికి ఆకలితో ఉన్న ఇంట్లో నేర్చుకోవాలని చూస్తే, కోపం తప్ప ఏమీ రాదు. ఆదివారం సాయంత్రం, అన్నం ఎలాగూ వండి ఉన్న రోజు, ఒక కప్పు పిండితో మొదలుపెట్టండి. బొమ్మలు గీసేవాళ్లు, కుట్లు అల్లేవాళ్లు రోజూ కాసేపు చేతికి పని చెప్పినట్టే ఇదీ. విరిగినా ఎవరూ పస్తుండరు కాబట్టి టెన్షన్ ఉండదు.

మొదటి వారం తట్టడం గురించి ఆలోచించకండి. ఎసరు, పిసకడం మాత్రమే సరిచూసుకోండి. అరచేయంత చిన్న బిళ్లలు చేసి కాల్చుకు తినండి, పిల్లలకు అవే ఇష్టం. రెండో వారం రొట్టె తిప్పడం. మూడో వారం ఎడమ చేతితో అంచులు కాయడం. వెడల్పు చివరికి. చిన్న పుస్తకంలో ఏ షాపు జొన్న, పట్టించిన తేదీ, కప్పుకు ఎన్ని నీళ్లు పట్టాయో రాసుకుంటే మీ ఇంటి పిండికి మీ ఇంటి కొలత దొరుకుతుంది. నేనిచ్చిన కొలత అక్కడిదాకా చేర్చే దారి మాత్రమే. దగ్గర్లో రొట్టెలు చేసే పెద్దమ్మ ఎవరైనా ఉంటే ఆమె పక్కన కూర్చుని చేతులు చూడండి, చప్పుడు వినండి. తడి సరిపోయిన ముద్ద చప్పుడు మెత్తగా, ఒకే లయలో ఉంటుంది. ఎండిన ముద్ద టపటపమంటుంది.

చేయి కుదిరాక మార్పులు చేసుకోవచ్చు. సన్నగా తరిగిన మెంతికూర, ఉల్లికాడలు, వాము పిసికేటప్పుడు కలపండి. నీళ్లు రాసిన వెంటనే నువ్వులు చల్లండి. అదే చేత్తో సజ్జ రొట్టె కూడా వస్తుంది. భోగికి నువ్వులద్దిన సజ్జ రొట్టెలు చేసే ఇళ్లు రాయలసీమలో, కన్నడ సరిహద్దు ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఉత్తర కర్ణాటక, సోలాపూర్ వైపు పలచగా తట్టి కరకరలాడేలా ఆరబెట్టి రోజుల తరబడి నిలవ చేసే కడక్ రొట్టె మరో మెట్టు. అది బాగా పలచగా తట్టగలిగినవాళ్లకే.

పళ్లెంలో ఇంకేం ఉండాలి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో దాదాపు 10 గ్రాముల ప్రోటీన్, 10 గ్రాముల పీచు ఉన్నాయి. పాలిష్ పట్టిన బియ్యంలో ప్రోటీన్ 8 గ్రాముల లోపు, పీచు 3 గ్రాముల లోపు. పీచులో ఉన్న ఈ తేడా వల్లే రెండు రొట్టెలు తింటే త్వరగా ఆకలి వేయదు.

కానీ షుగర్ ఉన్నవాళ్లు "జొన్న కదా" అని ఎన్నైనా తినొచ్చనుకుంటే పొరపాటు. జొన్నలో కూడా నూటికి 68 పాళ్లు పిండిపదార్థమే. 40 గ్రాముల పిండితో చేసిన రొట్టెలో అది 27 గ్రాముల దాకా ఉంటుంది. రొట్టెల సంఖ్య లెక్కపెట్టుకోవాల్సిందే. మందులు వాడేవాళ్లు తిండి మార్చేటప్పుడు డాక్టరుతో చెప్పాలి, లేకపోతే షుగర్ మరీ పడిపోయే ప్రమాదమూ ఉంది.

ఇంకో సంగతి, దీన్ని నేను అందరికీ గట్టిగా చెబుతాను. జొన్న ఒక్కటే తింటే ఒంటికి చాలదు. ఒకప్పుడు దక్కనులో జొన్న తప్ప మరేమీ దొరకని పేదల్లో పెల్లాగ్రా అనే, చర్మం మీద బయటపడే పోషకలోపపు జబ్బు కనిపించేది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలోనే సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో దీన్ని పరిశోధించి, జొన్నలోని లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉండొచ్చన్నారు. ఆ వాదన మీద తర్వాత చర్చ జరిగింది. ఇంటి వంటకు మాత్రం చేయాల్సింది సులువు. జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం పప్పుల్లో దండిగా ఉంటుంది. రొట్టె పక్కన పప్పు, ఆకుకూర, పెరుగు ఉంటే ఆ లోటు తీరుతుంది. జొన్నలోని ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మరసమో పచ్చి మామిడో లాంటి సి విటమిన్ ఉన్న పులుపు తోడుండాలి. భోజనం కాగానే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు, ఓ గంట ఆగండి.

అందుకే నాకు నచ్చిన జత పుంటికూర (గోంగూర) పప్పు. కప్పు కందిపప్పును పసుపు వేసి ఉడికించండి. రెండు గుప్పెళ్ల పుంటికూర ఆకు, నాలుగు పచ్చిమిర్చి, ఒక ఉల్లిగడ్డ విడిగా మగ్గించి, పప్పులో కలిపి మెదపండి. నూనెలో ఆవాలు, జీలకర్ర, దంచిన వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు. కాస్త గట్టిగానే ఉంచండి, జారుగా ఉంటే రొట్టె ముక్కకు అందదు.

దాంతోపాటు నువ్వుల కారం. యాభై గ్రాముల నువ్వులు నూనె లేకుండా చిటపటలాడేదాకా వేయించండి. ఆరు ఎండుమిర్చి, చెంచా జీలకర్ర విడిగా వేయించి, ఉప్పు వేసి ముందు వీటిని పొడి చేయండి. నువ్వులు, ఐదు వెల్లుల్లి రెబ్బలు చివర్లో వేసి ఒక్కసారి తిప్పి ఆపేయండి, ఎక్కువ తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. వేడి రొట్టె మీద ఈ పొడి, కొంచెం నెయ్యి, పక్కన పచ్చి ఉల్లిగడ్డ ఉంటే కూర లేని రోజు కూడా లోటనిపించదు.

మిగిలితే

చల్లారిన రొట్టెను ముక్కలు చేసి మజ్జిగలో పది నిమిషాలు నానబెట్టి, ఉప్పు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కలిపితే ఎండాకాలపు పొద్దుటి తిండి. ముక్కల మీద నీళ్లు చిలకరించి, పోపులో ఉల్లిగడ్డ, టమాటా వేగాక వేసి కలిపితే ఉప్మా.

తీపి కావాలంటే మలీద. సద్దుల బతుకమ్మకు చేసే మలీదను జొన్న రొట్టెతోనూ చేసుకోవచ్చు. దానికి మాత్రం పొద్దుటి రొట్టె కాకుండా వెచ్చగా ఉన్నదే తీసుకోండి. రెండు రొట్టెలను చేత్తో సన్నగా నలిపి, పావు కప్పు బెల్లం తురుము, రెండు చెంచాల నెయ్యి, చిటికెడు యాలకుల పొడి, వేయించి దంచిన పల్లీలు వేసి, బెల్లం కరిగి పట్టుకునేదాకా పిసికి ఉండలు చుట్టండి. విడిపోతుంటే చెంచా వేడి పాలు చిలకరించండి. ఇవి మరుసటి రోజుకు గట్టిపడతాయి, చేసిన పూటే తినేయండి.